గీతలు పోవాలె, రంగు మిగలాలె

అల్లుడా,

కారు పాలిష్ మెషిన్ ఏది కొంటే బాగుంటదో చెప్పమని అడిగినవు. ఫోన్ల నాలుగు మాటలతోని ఒడిసే ముచ్చట కాదని తీరుబడిగ రాస్తున్న. సొంత సంపాదనతోని కారు కొనుక్కొని, మర్రిగూడల మన ఇంటి ముందటనే ఆదివారం పూట దాన్ని నీ చేతులతోని మెరిపించుకోవాల్నని ఆశపడుతున్నవంటే నాకు శాన సంబురమైంది. ఆటోనగర్ల పెయింట్ షెడ్డుల బతుకు ఎల్లదీసినోణ్ని, మేనల్లుడు ఆ పని మీద మనసు పడ్డడంటే సంబురం గాక ఇంకేముంటది. నాకు తెలిసినంత చెప్త, చెవిన పెట్టు. మెషిన్ ఎంత జోరుగ గీతలు తీస్తదో చూసి కొనకు. ఎంత తక్కువ రంగు తీసి అదే పని చేస్తదో చూసి కొను.

గిట్ల ఎందుకంటున్ననో తెల్వాలంటే ముందుగాల కారు రేకు మీద ఏమున్నదో తెల్వాలె. ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్న పైన క్లియర్ కోట్. కంపెనీల నుంచి వచ్చిన కారుకు ఇవన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే. మైక్రానంటే మిల్లీమీటరుల వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటది, అంటే కారు పెయింటంత కలిపినా రెండు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. అందుల మెరిసేది పైనున్న క్లియర్ కోట్ ఒక్కటే, అది 40, 50 మైక్రాన్లు. ఎండ దెబ్బకు రంగు వెలిసిపోకుండ ఆపే మందు కూడ దాన్లనే కలిపి ఉంటది. పాలిష్ పెడితే గీత పోయిందని అనుకుంటం గానీ, గీత ఎటూ పోదు. గీత అడుగు ఎంత లోతున్నదో అంతవరకు చుట్టుపక్కల క్లియర్ కోట్‌ను మనమే దించుతం. గట్టి కాంపౌండుతోని ఒక్కసారి పని చేస్తె రెండు మూడు మైక్రాన్లు పోవచ్చు, చేయి బరువైతే ఇంకా ఎక్కువ. పోయింది మళ్ల రాదు. బ్యాంకుల వేసిన పైసలు తీసుడు తప్ప వేసుడు లేని ఖాతా అది, నీ కారు ఉన్నన్ని రోజులు ఆ ఖాతా మీదనే బతకాలె.

పాత అంబాసిడర్లకు, ఫియట్లకు ఈ బాధ లేకుండె. వాటికి రంగే పైపొర. ఎండకు వెలిసి పొడిబారితే రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి, గుండ్రంగ తిరిగే మెషిన్‌కు ఉన్ని ప్యాడ్ కట్టి రుద్దేటోళ్లం. చచ్చిన పొర పోయి కింది రంగు తేలేది. ప్యాడుకు రంగు అంటినా ఎవ్వరూ భయపడకపోయేది. 1980ల నుంచి రంగు మీద క్లియర్ కోట్ కొట్టే పద్ధతి ప్రపంచమంత పాకింది, ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే కార్లకు చాలామట్టుకు అదే. కారు మారింది గానీ చాలా షెడ్లల్ల చేతి అలవాటు మాత్రం పాతదే ఉండిపోయింది. ఈ కాలపు కారు మీద పని చేస్తుంటే ప్యాడుకు రంగు అంటిందంటే క్లియర్ కోట్ ఒడిసిందని అర్థం. ఇగ ఏ పాలిషూ పని చెయ్యదు, ఆ ముక్క మొత్తం మళ్ల పెయింట్ కొట్టాల్సిందే.

నేను చెప్పిన ఆ గుండ్రంగ తిరిగే మెషిన్ను రోటరీ అంటరు. ఒకటే ఇరుసు మీద నిమిషానికి 600 నుంచి 3000 చుట్లు తిరుగుతది. రాపిడంత ఒక్క దిక్కుకే పడతది కాబట్టి వేడి తొందరగ పుడతది. డోర్ అంచు మీద, బానెట్ మడత మీద రెప్పపాటు ఎక్కువ ఆగినా కాలుతది. అంచుల కాడ పెయింట్ పలుచగ ఉంటదన్నది కూడ గుర్తుపెట్టుకో. చేయి తిరిగినోనికి అది మంచి పనిముట్టు, నేను దాంతోనే నా సంసారం గడుపుకున్న. కొత్త చేతిల పడితే మాత్రం గీతలు పోయినట్టే కనబడి, తెల్లారి ఎండల నిలబెట్టి చూస్తె రేకంత సుడులు సుడులుగ మెరుస్తది. దుకాణపోడు "ఇది చవక, ఇది జోరు" అని ముందు దాన్నే చూపిస్తడు. నీకు వొద్దు.

నువ్వు కొనాల్సింది డీఏ పాలిషర్, అంటే రెండు కదలికలది. ప్యాడ్ తన చుట్టు తాను తిరుగుతది, తిరుగుకుంటనే చిన్న వలయంల అటిటు ఊగుతది. అందుకని ఒక దారిల పడిన రాపిడి మళ్ల అదే దారిల పడదు, వేడి తక్కువ, సుడులు తక్కువ. దీన్ల మళ్ల రెండు తీర్లున్నయి. మొదటిదాన్ల ప్యాడ్ తిరుగుడు స్వేచ్ఛగ ఉంటది. నువ్వు గట్టిగ ఒత్తితే, వంపు మీద ఏటవాలుగ పెడితే తిరుగుడు ఆగి ఉత్తగ ఊగుతది. కొత్తగ నేర్చుకునేటోళ్లు ఇదొక లోపమని విసుక్కుంటరు. నా లెక్కల నీకు అదే కావలి. చేయి తప్పు పడ్డ చోట మెషినే పని ఆపుకుంటది, రంగు బతుకుతది. రెండో తీరు గేర్లతోని బలవంతంగ తిప్పేది. జర్మనీ ఫ్లెక్స్ కంపెనీ వాళ్ల మెషిన్లతోని దానికి పేరొచ్చింది. ఎంత ఒత్తినా ఆగదు, గీతలు తొందరగ తీస్తది, వేడి కూడ ఎక్కువ పుట్టిస్తది, చేతిని ఒక దిక్కుకు గుంజుతది. నీ పని ముదిరినంక, కావాల్ననిపిస్తే అప్పుడు చూద్దాం.

డబ్బా మీద 8, 12, 15, 21 అని మిల్లీమీటర్ల లెక్క రాసి ఉంటది. ప్యాడ్ ఎంత వెడల్పు వలయంల ఊగుతదో చెప్పే లెక్క అది. 1947ల ఇటలీల మొదలైన రూపెస్ కంపెనీ 15, 21 మిల్లీమీటర్ల పెద్ద ఊగుడు మెషిన్లు తెచ్చినంక అభిరుచికి చేసేటోళ్లు కూడ షెడ్డు పనికి తగ్గ మెరుపు తియ్యగలుగుతున్నరు. ఊగుడు పెద్దదైతే వెడల్పు రేకు మీద పని తొందరగైతది. వంపుల మీద మాత్రం ప్యాడ్ తొందరగ నిలబడిపోతది. నీది చిన్న కారు, డోర్ల మీద మడతలు, బంపర్ కాడ అన్నీ వంపులే. 21ది నీకు బరువు తప్ప లాభం లేదు. 15ది తీసుకో, చేతిల బరువనిపిస్తే 12ది. 8ది కూడ చెడ్డది కాదు, పని నిదానం, అంతే. బ్యాకింగ్ ప్లేట్ అయిదంగుళాలది ఉండాలె, దాని మీద అయిదున్నర అంగుళాల ప్యాడ్. అద్దాల పక్కన, హ్యాండిళ్ల కింద మెషిన్ దూరని చోట చేత్తోనే రుద్దు, సిగ్గుపడే పని కాదు.

ఇంకొక్క మాట, ఇది కోపగించినట్టే చెప్తున్న. వెల్డింగ్ షాపుల ఉండే నాలుగంగుళాల గ్రైండర్‌కు పెట్టుకునే స్పాంజి ప్యాడ్లు కూడ అమ్ముతున్నరు. ఎవలన్న దోస్తు "గ్రైండర్ నా దగ్గరుంది, ప్యాడ్ ఒక్కటి కొంటె సరిపాయె" అంటడు. ఆ గ్రైండర్ నిమిషానికి 10,000 చుట్లు దాటి తిరుగుతది. ముట్టిచ్చిన సెకనుల క్లియర్ కోట్ పోతది, ప్యాడ్ ఊడి ముఖం మీదికి ఎగిరినా ఎగురుతది. బండల పాలిష్ మెషిన్ కూడ రాళ్లకే, కారుకు కాదు. డ్రిల్లుకు చిన్న ప్యాడ్ పెట్టి హెడ్‌లైట్ గీతలు తీస్తె తియ్యి, బానెట్ జోలికి పోకు.

డాలస్ల ఉన్న మీ అన్న అక్కడినుంచి మెషిన్ తెస్తనన్నడట, మీ అమ్మ చెప్పింది. ప్రేమతోని తెస్తడు, కాదనడానికి మనసొప్పదు. కాని అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగ పెట్టినవంటే మోటర్ అప్పుడే కాలుతది. 900 వాట్ల మెషిన్‌కు కనీసం 1500 వీఏ స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలె, దాని బరువు మెషిన్‌కన్న ఎక్కువ. బ్యాకింగ్ ప్లేట్ థ్రెడ్ అక్కడిది అంగుళాల లెక్క, ఇక్కడ దొరికేటివి ఎక్కువగ మిల్లీమీటర్ల లెక్క. ఒక్క ప్లేట్ పగిలితే మెషిన్ మూలకు పడతది. అన్నను మంచి ప్యాడ్లు, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు తెమ్మను. బరువు లేదు, అక్కడ రకరకాలు దొరుకుతయి, అన్న మనసూ తృప్తి పడతది.

మెషిన్ను ఫోన్ల బొమ్మ చూసి కొనకు. రాణిగంజ్ పనిముట్ల దుకాణాలకు పోయి చేతిల పట్టుకో. రెండున్నర, మూడు కిలోల బరువుంటది, డోర్ ముందు కూసున్నట్టు చెయ్యి చాపి రెండు నిమిషాలు పట్టుకొని చూడు. ఆన్ చెయ్యమను. గుండె గుభిల్లుమనేటట్టు ఒక్కసారే ఎగిరితే మంచిది కాదు, మెల్లగ మొదలై వేగం పుంజుకోవాలె. వేగం తగ్గించే చక్రం చివరి దాకా తిప్పి చూడు, తక్కువ వేగంల కూడ ఒక తీరుగ నడవాలె. పట్టుకున్న వేళ్లు తిమ్మిరెక్కితే ఆ మెషిన్ను అక్కడే పెట్టేసి రా, ఒక కారు మొత్తం చెయ్యాలంటే ఆ వేళ్లతోని గంటలకు గంటలు పట్టుకోవాలె. కార్బన్ బ్రష్‌లు, బ్యాకింగ్ ప్లేట్ విడిగ దొరుకుతయా, రిపేర్ హైదరాబాద్ల చేస్తరా అని అడుగు. బ్యాటరీ మెషిన్లు చూపిస్తరు, సుఖంగనే ఉంటయి, కాని ఒక కారు ఒడిసే లోపల బ్యాటరీలు మార్చుకుంట కూసోవాలె, ధర కూడ ఎక్కువ. వైరుదే తీసుకో.

వైరుదంటె కరెంటు సంగతి చూసుకోవాలె. చుట్టు బోరు మోటర్లు నడిచే టైముల వోల్టేజి పడిపోతది, మెషిన్ మూలిగితే ఆపెయ్యి, మోటర్ వేడెక్కుతది. ఎక్స్‌టెన్షన్ బాక్సు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుది కొని, చుట్ట మొత్తం ఇప్పి వాడు. నీళ్లతోని పని కాబట్టి ఇంట్ల షాకు తగిలితే కరెంటు ఆపే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఉన్నదా లేదా ఎలక్ట్రీషియన్‌తోని చూపించుకో. లేకపోతే ముందు అది పెట్టించు, మెషిన్ తర్వాత.

పైసలు ఎట్ల పంచుకోవాల్నో కూడ చెప్త. పెట్టుకున్న దాన్ల సగమే మెషిన్‌కు. మిగతా సగం ప్యాడ్లకు, కాంపౌండుకు, గుడ్డలకు. పేరున్న మెషిన్‌కు పాడైపోయిన ఒక్క ప్యాడ్ పెట్టి పని చేసేటోనికన్న, మామూలు మెషిన్‌కు ఆరు మంచి ప్యాడ్లు మార్చుకుంట చేసేటోని కారే బాగుంటది. ఇది నేను షెడ్డుల కండ్లార చూసిన. ప్యాడ్ల ఫోమ్ వేడికి మెత్తబడి, తీసిన క్లియర్ కోట్ పొడితోని నిండి, ఇంక రుద్దకుండ జారుతది. ఒక డోరు ఒడిసినంక బ్రష్‌తోని దులుపు, రెండు డోర్లకు ఒక ప్యాడ్ మార్చు. మధ్యరకం ఫోమ్ ప్యాడ్లు మూడు, మెత్తటివి రెండు, గట్టి కోతకు మైక్రోఫైబర్ది ఒక్కటి చాలు. ఆ మైక్రోఫైబర్ది తొందరగ బయటికి తియ్యకు.

ఇప్పుడు మన నేల సంగతి. నీ కారు మీద ఉన్న సన్న గీతలు ఎక్కడినుంచి వచ్చినయనుకుంటున్నవు? ఎవడో మేకుతోని గీసినవి కావు. మాల్ ఊరి దిక్కునుంచి మర్రిగూడకు వచ్చే లోపల కారు మీద పడే ఎర్ర దుమ్మును పొద్దుగాల పొడిగుడ్డతోని తుడిచినప్పుడు పడ్డవి. మన చెల్క నేలల ఇసుక పాలు ఎక్కువ. ఆ ఇసుకల ఉండే క్వార్ట్జ్ గాజును కూడ గీస్తది, క్లియర్ కోట్ ఎంత. నువ్వు ఏ మెషిన్ కొన్నా, ఆ పొడిగుడ్డ అలవాటు మానకపోతే నెల తిరక్కముందే గీతలన్నీ మళ్ల వస్తయి, మళ్ల పాలిష్ పెడతవు, ఇంకొన్ని మైక్రాన్లు పోతయి. ముందు గుడ్డ మానిపించు. అమ్మ ప్రేమకొద్ది తుడుస్తది, ఆమెకు నెమ్మదిగ చెప్పు.

నీళ్ల సంగతి ఇంకా పెద్దది. మన బోరు నీళ్లల్ల కరిగిన ఉప్పులు ఎక్కువ. ఎండల కడిగి వదిలేస్తె బొట్టు ఆరిన చోటల్ల తెల్ల మచ్చ పడతది, రోజులు గడిస్తె ఆ మచ్చ క్లియర్ కోట్‌ను తింటది. కొత్త మచ్చను మెషిన్‌తోని గీకకు. తెల్ల వెనిగర్ల అంతే నీళ్లు కలిపి, గుడ్డ తడిపి ఒక నిమిషం మచ్చ మీద పరువు, తర్వాత నీళ్లతోని తుడువు. చాలామట్టుకు దాంతోనే పోతది, పెయింట్‌కు నష్టం లేదు. పోకపోతేనే మెషిన్.

సర్కారు మిషన్ భగీరథ నల్లా నీళ్లతోని కడిగితే మచ్చలు పడవని నీకు ఎవరో చెప్పిండ్రట. బోరు నీళ్లకన్న మచ్చలు తక్కువ పడేది నిజమే, అవి శుద్ధి చేసిన కృష్ణ నీళ్లు. కాని బిడ్డా, ఆ నల్లాకు పైపు తగిలించి కారు మీద పారబొయ్యకు. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు, మన మండలంల ఎన్నో బోర్లల్ల అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఆ నీళ్లు తాగి నడుములు వంగి, కాళ్లు వంకరపోయిన మనుషుల నడుమ పెరిగినం మేము. అట్లనే ఒళ్లంత వంకరపోయిన శివన్నగూడెం అంశాల స్వామిని 2003ల జలసాధన సమితి వాళ్లు ఢిల్లీకి తీస్కపోయి ప్రధాని వాజపేయికి చూపించిండ్రు. 2023 జనవరిల ఆయన పోయినప్పుడు నేను అన్నం ముట్టలేకపోయిన. ఆ నీళ్ల విలువ తెలిసిన ఊరు మనది. నీ కారుకు రెండు బకెట్ల నీళ్లు చాలు. ఒకటి షాంపు కలిపింది, ఒకటి గుడ్డ కడుగుడుకు. బోరు నీళ్లే వాడు, నీడల పని చెయ్యి, ఒక్క భాగం కడుగుడు తోనే ఆరబెట్టు. చివరికి తుడిచే గుడ్డ తడుపుడుకు వానకాలంల పట్టి పెట్టుకున్న వాన నీళ్లు ఒక చెంబు ఉంటె అంతకన్న మంచివి లేవు. కడిగే పని లేకుండ, మందు కలిపిన ఒక్క బకెట్‌తోని తుడిచే రిన్స్‌లెస్ వాష్ మందులు కూడ వస్తున్నయి. బురద లేని రోజు అవి వాడుకో.

మెషిన్ ఇంటికి వచ్చినంక మొదటిరోజే నీ కారు మీద పెట్టకు. ఆటోనగర్ల గుద్దుకున్న కార్ల పాత బానెట్లు అమ్ముతరు, ఒకటి తెచ్చుకో, నల్లదైతే మంచిది, తప్పులన్నీ కనబడతయి. బ్యాకింగ్ ప్లేట్ అంచున మార్కర్‌తోని ఒక గీత పెట్టుకో. మెషిన్ నడిచేటప్పుడు ఆ గీత తిరుగుతుంటె ప్యాడ్ పని చేస్తున్నట్టు, ఒక్కచోట ఊగుతుంటె నువ్వు ఎక్కువ ఒత్తుతున్నట్టు. రెండడుగుల చదరం తీసుకొని, అడ్డంగ ఒకసారి, నిలువుగ ఒకసారి, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల నిదానంతోని నడుపు. ప్యాడ్ బల్లపరుపుగ ఉండాలె, మెషిన్ బరువుకు నీ చేతి బరువు కొంచెమే కలవాలె. ఆ బానెట్ మీద చేయి కుదిరినంక కారు మీదికి రా. కడిగి, క్లే బార్ తోని అంటుకున్న తారు, మురికి లాగి, ఆరబెట్టి, ప్లాస్టిక్‌ను, అంచులను మాస్కింగ్ టేప్‌తోని కప్పు. ఆ టేప్ పుట్టిందే కారు పెయింటర్ల కోసం, తెలుసునా? 1925ల అమెరికాల 3ఎం కంపెనీల పనిచేసే రిచర్డ్ డ్రూ, రెండు రంగుల కార్లు కొట్టేటోళ్ల కష్టం చూసి తయారు చేసిండు. టేప్ వేసే టైముకు పిసినారితనం చెయ్యకు.

తర్వాత బానెట్ మీద ఒక మూలకు చిన్న చోటు పరీక్షకు పెట్టుకొని, మెత్తటి ప్యాడ్, సన్న పాలిష్ తోనే మొదలుపెట్టు. దాంతోనే పది గీతలల్ల ఏడెనిమిది పోతే కారు మొత్తం దాంతోనే చెయ్యి. మిగిలిన లోతు గీతలను వదిలెయ్యి. వాటి వెంట పడితే అడుగు దాకా దించాల్సొస్తది, అంత క్లియర్ కోట్ నీ దగ్గర లేదు. ఎండకాలం నల్లగొండ జిల్లాల 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటయి, అప్పుడు రేకు మీద చెయ్యి పెట్టలేము, కాంపౌండ్ పెట్టుడు తోనే ఎండిపోతది. తెల్లారకముందే లేచి, ఎనిమిదింటి లోపల పని ఒడగొట్టు, లేదంటె దసరా దాటినంక చెయ్యి. కండ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు తప్పకుండ పెట్టు. నేను కుర్రతనంల ఉన్నప్పుడు షెడ్లల్ల అవి ఎవ్వరూ పెట్టకపోయేది, ఇప్పుడు నా తోటోళ్లు కొందరు ఊపిరి కోసం అవస్థ పడుతున్నరు.

ఒకటి మిగిలింది. నీది సెకండ్ హ్యాండ్ కారు. అమ్మినోడు ఏ డోరుకు మళ్ల పెయింట్ కొట్టించిండో, ఏ రేకును అంతకుముందే రుద్దిరుద్ది పలుచగ చేయించిండో పైకి చూస్తె తెల్వదు. పెయింట్ మందం కొలిచే గేజ్ నా దగ్గరున్నది. ఇనుప రేకు మీద, అల్యూమినియం మీద పని చేస్తది, ప్లాస్టిక్ బంపర్ మీద చెయ్యదు. ఒక డోరు 120 చూపించి పక్క డోరు 250 చూపిస్తె దానికి మళ్ల పెయింట్ పడ్డట్టే. ఎక్కడన్న 80 కిందికి చూపించిందనుకో, ఆ రేకుకు మెషిన్ ముట్టియ్యొద్దు, మైనం పెట్టి కాపాడుకోవాలె. అందుకని మెషిన్ కొనకముందే వచ్చే ఆదివారం కారు వేసుకొని నా దగ్గరికి రా. మీ అత్త నీకిష్టమని సర్వపిండి చేస్తనంటున్నది. రేకు రేకు కొలిచి కాయితం మీద రాసుకుందాం, అటెన్క సోమవారం ఇద్దరం కలిసి రాణిగంజ్ పోదాం. వచ్చేటప్పుడు దారిల ఎక్కడా కారు కడిగించకు. దుమ్ము దుమ్ముగనే తీస్కరా, ఎట్ల కడగాల్నో నేనే ముందల నిలబడి చూపిస్త.

నీ మామ